నాలుగో నిద్రగన్నేరు హత్యాయత్నం కేసు

ఏప్రిల్ 21, మంగళవారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలకు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ రెండో వీధిలో నాలుగో నిద్రగన్నేరు చెట్టు నుంచి కొమ్మ విరిగి చిట్టెమ్మ టిఫిన్ బండి మీద పడింది. ఇడ్లీ పాత్ర సొట్టపోయింది. ముప్పై ఆరు ఇడ్లీలు నేలపాలయ్యాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సమయంలో గాలి లేదు, వాన లేదు.

6 గంటల 52 నిమిషాలకు బుజ్జిబాబు వచ్చాడు.

బండి పక్కన ఒక దుంగ పడి ఉంటుంది. బుజ్జిబాబు దాని మీదికెక్కి నిలబడ్డాడు. చుట్టూ ప్లేట్లు పట్టుకుని ఎనిమిది మంది ఉన్నారు.

"ఎవురూ కదలకండి," అన్నాడు. "ఈ దేశంలో నేరం వాసన పట్టే ముక్కులు మూడే ఉన్నాయి. ఒకటి ఢిల్లీలో ఉన్నాది. ఒకటి రిటైరయిపోనాది. మూడోది మీ ముందర నిలబడి ఉన్నాది."

మూడో ముక్కుకి ఆదివారం నుంచి జలుబు. జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు.

"ముక్కు సంగతి తరవాత బాబూ," అంది చిట్టెమ్మ. "కాలు తియ్యండి. కింద నా గరిటున్నాది."

కదలొద్దన్న మాట విన్నాక ఎనిమిది మందిలో ఆరుగురు డ్యూటీకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో ఒకరికి చట్నీ రావలసి ఉంది. రెండోవాడు తవిటయ్య.

తవిటయ్యకి అరవై ఆరేళ్ళు. వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసే చోట ముప్పై నాలుగేళ్ళు వడ్రంగం చేశాడు. అతని భార్య రాధారాణికి బుజ్జిబాబు తమ్ముడు. బావమరిది డిటెక్టివ్ అవుతాడని పెళ్ళిచూపులప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేవాడన్నది తవిటయ్య ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

బుజ్జిబాబు అదే వర్క్‌షాపులో అక్షరాలు వేసే పెయింటరు. బాగుచేసి బయటికి పంపే ప్రతి రైలు పెట్టె మీదా రెండు తేదీలు వెయ్యాలి. ఓవర్‌హాల్ అయిన తేదీ ఒకటి, తిరిగి రావలసిన నెల ఒకటి. రెంటికీ మధ్య పద్దెనిమిది నెలలు. ముప్పై ఒక్కేళ్ళు బుజ్జిబాబు ఆ పని చేశాడు. రిటైరైన రోజున వర్క్‌షాపు వాళ్ళు పారేసిన రేకు స్టెన్సిళ్ళ కట్ట ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి అతని చేతి మీదుగా బాగుపడిన ప్రతి వస్తువు మీదా తేదీలుంటాయి. మిక్సీ మీద ఉన్నాయి. కుక్కరు మీద ఉన్నాయి. తవిటయ్యకి పలాసలో కంట్లో శుక్లం తీయించుకున్నాక, కళ్ళజోడు పెట్టె మీద 19-10-24 అనీ, రిటర్న్ 04-26 అనీ వేసి ఇచ్చాడు. స్టెన్సిళ్ళలో నాలుగు అంకెకి కాలు విరిగిపోయి ఉంది. అందుకని బుజ్జిబాబు వేసే నాలుగులన్నీ కుంటివి.

డిటెక్టివ్ పని రిటైరయ్యాక మొదలైంది. ఇప్పటికి తొమ్మిది కేసులు చేపట్టాడు. హరిబాబు సైకిల్ పోయిన కేసులో పదకొండు రోజులు నిఘా వేసి, సైకిల్ పోలేదని తేల్చాడు. హరిబాబు రెండో రోజు నుంచే దాని మీద డ్యూటీకి వెళ్తున్నాడు. మిగిలిన ఎనిమిది కేసులు ఇంకా దర్యాప్తులో ఉన్నాయి.

దుంగ దిగి బుజ్జిబాబు కొమ్మ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కొమ్మ మనిషి తొడంత లావుంది. విరిగిన చోటును భూతద్దంతో చూశాడు.

"బావా, ఇది ప్రమాదం కాదు. హత్యాయత్నం."

"ఎవుర్నిరా? చిట్టెమ్మనా?"

"సెట్టుని."

తవిటయ్య ప్లేటు పక్కన పెట్టి కొమ్మ చూశాడు. తర్వాత పైకి చూశాడు. చెట్టుకి పద్నాలుగు అడుగుల ఎత్తున నాలుగు మోళ్ళున్నాయి, నాలుగూ ఒకే ఎత్తులో. ప్రతి మోడు చుట్టూ చీపురు పుల్లల్లా కొమ్మలు పైకి లేచాయి. పడింది వాటిలో ఒకటి. ఊడిన చోట మోడు లోపల నల్లగా ఉంది. చెక్క పుచ్చిపోయిందని తవిటయ్యకి కింది నుంచే తెలిసింది.

"ఒరే, ఇది పుచ్చు," అన్నాడు.

"పుచ్చని మనం అనుకోవాలని చేసినారు," అన్నాడు బుజ్జిబాబు.

పది గంటలకి వర్క్స్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ ఆర్థర్ వచ్చాడు. ఆంగ్లో ఇండియన్, తెలుగు ఖలాసీల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసి తెలుగు నేర్చుకున్నవాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి మొదలు మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేయించాడు.

"శుక్రవారం పదకొండింటికి కొట్టేస్తాం, చిట్టెమ్మా."

చిట్టెమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. బండి పెట్టుకోవడానికి కాలనీ వాళ్ళు ఆమెకిచ్చిన కాగితం గల్లాపెట్టెలో ఉంది. అందులో ఒకే వాక్యం ఉంది. రెండో వీధి నాలుగో చెట్టు కింద టిఫిన్ బండి పెట్టుకోవచ్చు అని.

"సెట్టు లేకపోతే ఈ కాయితం ఏటవుతాది సార్?"

ఆర్థర్ కాగితం చదివి తిరిగి ఇచ్చాడు. "చెట్టు లేకపోతే చెట్టు కింద అనేది లేదు కదా," అన్నాడు.

"మరి కొట్టకుండా ఉంచలేరా?"

"నాకు ఇష్టమేనా? కానీ ఫారంలో కారణం అని గడి ఉంది. కొమ్మ ఎందుకు పడింది, రాయాలి. రోగమైతే కొట్టాలి. తెలియదని రాస్తే కూడా కొట్టాలి. ఎవరో తప్పుగా కోశారని రాస్తే బాగుచేయించొచ్చు. అప్పుడు ఎవరు కోశారు, ఎప్పుడు కోశారు, రెండూ కావాలి. ఉన్నాయా నీ దగ్గర?"

లేవు. చెట్ల తలలు ఎవరో నరికేశాక, పోయిన ఏడాది ఉగాదికి ఆమె బండి పెట్టింది.

"కారణం నాను రాసిస్తాను సార్," అన్నాడు బుజ్జిబాబు. "శుక్రవారం పదకొండింటికి ముద్దాయితో సహా."

"ఠీక్ హై," అన్నాడు ఆర్థర్. అతనికి ఆ రోజు ఇంకా పద్నాలుగు చెట్లు చూసే పనుంది.

దర్యాప్తు వెంటనే మొదలైంది. విరిగిన కొమ్మ సాక్ష్యం కాబట్టి దాన్ని ఎవరూ కదపకూడదని బుజ్జిబాబు ఆజ్ఞ వేశాడు. దానివల్ల చిట్టెమ్మ గిరాకీలు మూడు రోజులపాటు కొమ్మ దాటుకుని ఇడ్లీ తిన్నారు. చెట్టు మొదట్లో రంపం పొట్టు పిడికెడు దొరికింది. బుజ్జిబాబు దాన్ని ఖాళీ వక్కపొడి ప్యాకెట్‌లో పోసి, ఆపైన బావ ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన చూడు. తెల్ల పౌడరు. విషం."

"రంపం పొట్టురా. ముప్పై నాలుగేళ్ళు ఇదే పీల్చినాను."

"అందుకే నీకు తేడా తెలీటం లేదు. అలవాటు పడిపోనావు."

సాయంత్రం అయిదున్నరకి ఇద్దరూ దుంగ మీద కూర్చున్నారు. ఆ దుంగే బుజ్జిబాబు ఆఫీసు. వీధిలో ఒకప్పుడు ఏడు నిద్రగన్నేరు చెట్లుండేవి. రెండు పోయిన వేసవిలో ఎండిపోయాయి. వాటిని కొట్టేసినప్పుడు ఒక దుంగ ఇక్కడ ఉండిపోయింది. బుజ్జిబాబు రోజూ దాని మీదే టీ తాగుతాడు.

ఆరు దాటాక చెట్టు ఆకులు ముడుచుకున్నాయి.

"టైము రాసుకో బావా. ఆరూ అయిదు. విషం ఎక్కతన్నాది."

"నిద్రగన్నేరురా అది. సాయంత్రం రోజూ ఆకు ముడుసుకుంటాది. పేరులోనే ఉన్నాది."

"రోజూ అన్నావు. అంటే రోజూ ఏస్తన్నాడు."

"పక్క సెట్టు కూడా ముడుసుకున్నాది, సూడు."

బుజ్జిబాబు చూశాడు. పుస్తకంలో రెండో బాధితుడు అని రాశాడు. 6 గంటల 20 నిమిషాలకు బాధితుల సంఖ్య అయిదుకి చేరింది. వీధి చివరిదాకా నడిచి వెళ్ళి, పక్క వీధిలోనూ అదే పరిస్థితి ఉందని కనుక్కుని, ఇది ముఠా పని అని తేల్చాడు.

తవిటయ్య ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు.

బుధవారం ఉదయం ఏడున్నరకి నిందితుడు తనంతట తానే వచ్చాడు. కొమ్మ పడిందని విని, పక్కనున్న ఇందా పేట నుంచి సామాన్ల వ్యాను రిక్షా మీద వెదురు నిచ్చెన వేసుకుని, గోనెగుడ్డలో చుట్టిన రంపం పట్టుకుని వచ్చాడు. పేరు సొలొమోను. రైల్వే తోటల్లో మాలీగా పనిచేసి 2024 ఆగస్టులో రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి ఇందాలో అద్దెకుంటున్నాడు. ఆ ఏడు చెట్లూ అతను ఉద్యోగంలో చేరిన ఏడాది నాటినవి.

బుజ్జిబాబు వ్యానుకి అడ్డంగా నిలబడ్డాడు.

"రంపం. నిచ్చెన. నేరం జరిగిన చోటికి నేరస్థుడు తిరిగి వస్తాడని నాకు తెలుసు. పేరు?"

"ఏటి బుజ్జిబాబు గారూ. మీ పెళ్ళిపందిరికి మావిడాకులు నానే తెచ్చి కట్టినాను. పేరు తెలీదేటి?"

'సమాధానం దాటవేశాడు' అని బుజ్జిబాబు రాసుకున్నాడు.

"నువ్వు ప్రతి ఆదివారం ఈ సెట్టు దగ్గరికి రంపంతో వస్తన్నావని నాకు సమాచారం ఉన్నాది."

"సమాచారం ఏటి, నానే సెప్పినాను మీకు. పోయిన ఆదివారం టీ కూడా తాగినాం."

"నానే నీకు టీ ఇప్పించి మాటల్లో పెట్టినాను," అన్నాడు బుజ్జిబాబు.

"టీ నానిచ్చినాను," అంది చిట్టెమ్మ గారెలు వేస్తూ. "ఇద్దరికీ."

సొలొమోను నిచ్చెన దించి మోళ్ళ వైపు చూశాడు. మంగళవారం పడ్డ కొమ్మ చూశాడు. దాని మొదలు మీద చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇది పడతాదని నాకు తెలుసును," అన్నాడు. "రెండు నెల్ల నుంచి దీని బరువు తగ్గిస్తన్నాను. ఈ ఆదివారం తీసేద్దునే."

"ఒప్పుకున్నాడు," అన్నాడు బుజ్జిబాబు.

"నువ్వుండరా," అన్నాడు తవిటయ్య. "సొలొమోనూ, ఎందుకు పడతాదని తెలుసు?"

సొలొమోను మట్టిలో పుల్లతో గీశాడు.

"సెట్టుకి వంట చేసేది ఆకే కదండీ. తలంతా ఒక్కసారి తీసేస్తే ఆకు లేదు. ఆకలికి సెట్టు తొందరగా చిగుళ్ళు ఏసేస్తాది. కాని ఆ చిగురు బెరడు మీదే అతుక్కుని ఉంటాది, లోపల్నుంచి పట్టు ఉండదు. సూసేవోళ్ళు, అబ్బో మళ్ళీ పచ్చగా అయిపోనాదే అనుకుంటారు. ఏడాదిన్నరకి అది ఇంత లావయిపోద్ది. బరువు మొయ్యలేదు. ఊడిపోద్ది."

"మేకు దిగ్గొట్టకుండా బంకతో అంటించినట్టన్నమాట," అన్నాడు తవిటయ్య.

"అదే. ఇంక మోడు సంగతి. కొమ్మ మొదట్లో ఉంగరంలాగ ఉబ్బు ఉంటాది, సూడండి, ఇక్కడ. దాన్ని ముట్టుకోకూడదు, దానికి దూరంగా పోకూడదు. సరిగ్గా దాని బయట కోస్తే సెట్టు అక్కడ బెరడు పెంచి గాయం మూసుకుంటాది. నడిమిని నరికేస్తే మూసుకోలేదు. మోడు ఎండి, పుచ్చి, నీళ్ళు లోపలికి దిగుతాయి. నీడ పోతే కింద బెరడు ఎండకి కాలిపోద్ది. రెండు సెట్లు అలాగే పోనాయి. ఏడాదికి నాలుగో వంతు మించి తియ్యకూడదని మాకు మొదటి రోజే సెప్పినారు. ఇక్కడ తాడు కట్టి ఏడింటినీ ఒకే ఎత్తుకి కొట్టేసినారు. సెట్టు సంగతి తెలిసినోడు తాడు కడతాడేటండీ?"

బుజ్జిబాబు రాయడం ఆపాడు. మొహం ఎర్రబడింది.

"ఏ కసాయోడు చేసినాడయ్యా ఇది?"

"తెలీదు బాబూ. నాను వెళ్ళిపోయిన రెండు నెల్లకి తుఫాను వస్తాదన్నారు కదా, అప్పుడు. పండగకి వచ్చి సూస్తే ఏడింటికీ తలల్లేవు. ఎవుర్నడిగినా కమిటీ అన్నారు."

"ఏ కమిటీ?"

"అది ఎవురూ సెప్పలేదు."

ఆ కాలనీలో పదకొండు కమిటీలున్నాయి. పూజకి ఒకటి, మంచినీళ్ళకి ఒకటి, వీధి కుక్కలకి రెండు. పదకొండింటిలోనూ బుజ్జిబాబు సభ్యుడు.

"నువ్వప్పుడు ఇక్కడే ఉన్నావు కదరా," అన్నాడు తవిటయ్య. "నానూ మీ అక్కా నా కంటి ఆపరేషన్‌కని పలాసలో ఉండిపోనాం. నువ్వు చూళ్ళేదా?"

"నాను తుఫాను డ్యూటీలో ఉన్నాను బావా. మొత్తం కాలనీ భారం నా మీద ఉన్నాది. తల ఎత్తి సూసే తీరిక ఏదీ?" బుజ్జిబాబు పుస్తకం మూశాడు. "ఒక్క సంగతి. ఇతనికి సెట్టు శరీరం లోపల ఏటేటి ఉంటాయో తెలుసు. ఎక్కడ కోస్తే బతుకుతాదో తెలిసినోడికి ఎక్కడ కోస్తే సస్తాదో కూడా తెలుస్తాది. సొలొమోనూ, నిచ్చెన ఇక్కడే ఉంచు. సాక్ష్యం."

సొలొమోను తవిటయ్య వైపు చూశాడు. తవిటయ్య చేతులు రెండూ తిప్పాడు. నిచ్చెన ఉండిపోయింది.

గురువారం బుజ్జిబాబు నాలుగు పేజీల నివేదిక టైపు చేయించి వర్క్స్ ఆఫీసులో ఇచ్చాడు. కారణం: రోజూ సాయంత్రం ఆరింటికి విషప్రయోగం. ముద్దాయి: సొలొమోను, మాజీ మాలీ. ఒక కాపీ చిట్టెమ్మకి ఇచ్చాడు. ఆమె గారెల చట్టి కింద పెట్టుకుంది.

మధ్యాహ్నం ఆర్థర్ దగ్గర్నుంచి కబురు వచ్చింది. విషమైతే చెట్టుని వేళ్ళతో సహా తీయాలి. మూడడుగుల లోతున మట్టి తీసి పారబోయాలి. ఆరు నెలలు అక్కడ తినే వస్తువులు అమ్మకూడదు.

చిట్టెమ్మ బండి వదిలేసి బుజ్జిబాబు ఇంటికి వెళ్ళింది. తవిటయ్య అప్పుడు అక్కడే ఉన్నాడు.

"బాబూ, నిన్నటిదాకా సెట్టే పోతన్నాదనుకున్నాను. ఇప్పుడు మట్టి కూడా లేకుండా చేసినారు."

"న్యాయం జరిగేటప్పుడు కొంత నష్టం తప్పదు చిట్టెమ్మా."

"ఎవురికండీ నష్టం?"

"సమాజానికి."

"సమాజానికి పొద్దున్నే నాలుగింటికి లేచి పిండి రుబ్బే పని లేదు. నాకున్నాది." ఆమె గుమ్మంలోనే నిలబడింది. "సొలొమోను అన్న ఆ సెట్టుకి ఏటి చేస్తన్నాడో ఏడాదిగా నా కళ్ళతో సూస్తన్నాను. మీరు దాని కింద టీ తాగడం తప్ప ఏటి చేసినారు?"

చిట్టెమ్మ వెళ్ళాక బుజ్జిబాబు, సాక్షిని ముద్దాయి లోబరచుకున్నాడని రాసుకున్నాడు.

"ఒరే," అన్నాడు తవిటయ్య. "రేపు ఆర్థర్‌కి ఆ కాయితం వెనక్కి తీసుకుంటానని సెప్పు."

"డిటెక్టివ్ కాయితం ఒకసారి బయటికెళ్తే బాణం లాంటిది బావా."

"బాణం తగిలేది ఆవిడికిరా."

"రేపు నువ్వు నిచ్చెన పట్టుకోవాల," అన్నాడు బుజ్జిబాబు.

శుక్రవారం 10 గంటల 55 నిమిషాలకు ఆర్థర్ నలుగురు కూలీలతో వచ్చాడు. మోటారు రంపం, తాళ్ళు, గడ్డపారలు తెచ్చారు. సొలొమోను వచ్చి పక్కన నిలబడ్డాడు. చిట్టెమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. బండిలోంచి సామాను తీసి పక్క క్వార్టరు మెట్ల మీద పెడుతోంది. కాలనీ వాళ్ళు ఇరవై మంది దాకా చేరారు.

"ఆర్థర్ సార్, ఒక్క నిమిషం నా మాట వినండి," అన్నాడు సొలొమోను. "విషం కాదు. కోత తప్పు. బాగుచేసుకోవచ్చు."

"నాకు కూడా అలాగే ఉంది. కానీ ఎవరు, ఎప్పుడు? పేపర్ మీద ఏం రాయను? కమిటీ అని రాస్తే నా పైవాడు ఏ కమిటీ అంటాడు."

"పది నిమిషాలు ఇవ్వండి సార్," అన్నాడు బుజ్జిబాబు. "నేరం ఎలా జరిగిందో నాను చేసి సూపిస్తాను. చూశాక మీరే నా చెయ్యి పట్టుకుని ఊపుతారు."

సొలొమోను నిచ్చెనని చెట్టుకి ఆనించాడు. కింద తవిటయ్య పట్టుకున్నాడు. బుజ్జిబాబు ఒక చేత్తో ఖాళీ సీసా పట్టుకుని అయిదు మెట్లు ఎక్కాడు.

"గమనించండి. హంతకుడు ఇలా ఎక్కినాడు. అటూ ఇటూ చూసినాడు."

"ఒంగకు," అన్నాడు తవిటయ్య.

"అతని కళ్ళలో కసి. చేతిలో సీసా. వీధిలో అలికిడి లేదు."

"ఒంగకురా."

"ఆ పాపిష్ఠి చెయ్యి సెట్టు మీద పడినాది. ఆ చెయ్యి ఎవురిదో తెలుసా? ఆ చెయ్యి," అని బుజ్జిబాబు సొలొమోనుని చూపించడానికి వెనక్కి తిరిగాడు.

నిచ్చెన ఒక పక్కకి జరిగింది. బుజ్జిబాబు దొరికినదాన్ని పట్టుకున్నాడు. దొరికింది చిట్టెమ్మ టిఫిన్ల బోర్డు. ఇడ్లీ, గారె, పూరీ అని తెలుగులోనూ బెంగాలీలోనూ రాసి, ఇనప తీగతో చెట్టుకి కట్టిన రేకు అది. తీగ తెగింది. బోర్డుతో సహా బుజ్జిబాబు కిందికొచ్చాడు. మూడు రోజులుగా ఎవరినీ కదపనివ్వని కొమ్మ మీద, ఆకుల్లో పడ్డాడు. దెబ్బ తగల్లేదు.

ఎవరూ అతని వైపు చూడలేదు. అందరూ చెట్టు వైపు చూస్తున్నారు.

బోర్డు ఉన్న చోట బెరడు మీద తెల్ల రంగుతో అక్షరాలున్నాయి. బెరడు పెరగడంతో కొంచెం సాగాయి. అయినా చదవడానికి వస్తున్నాయి.

"అదా," అంది చిట్టెమ్మ. "బోర్డు కట్టినప్పుడు సూసినాను. రైల్వే నంబరనుకున్నాను. కొళాయికి నంబరున్నాది, కరెంటు స్తంభానికి ఉన్నాది, మా మరుగుదొడ్డి తలుపుకి ఉన్నాది. సెట్టుకి ఉండదేటి అని పైన కట్టేసినాను. మిగతా సెట్ల మీదవి పోయిన దసరాకి సున్నం కింద పోనాయి."

ఆర్థర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక్కో వరసా పైకి చదివాడు.

"ఓవర్‌హాల్, 22-10-24. రిటర్న్, 04-26. ఎత్తు 14 అడుగులు. ఆర్డర్ ప్రకారం. కన్వీనర్, తుఫాను కమిటీ." చివరి వరస చదివే ముందు ఆగాడు. "బుజ్జిబాబు."



"స్టెన్సిల్ ఎవురో దొంగిలించినారు," అన్నాడు ఆకుల్లోంచి బుజ్జిబాబు. "నన్ను ఇరికించడానికి."

తవిటయ్య నిచ్చెన వదిలి జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు. చెట్టు దగ్గరికి వెళ్ళి పెట్టెని అక్షరాల పక్కన పెట్టాడు. 22-10-24 పక్కన 19-10-24. ఆర్థర్ దగ్గరికొచ్చి ఒంగి చూశాడు. రెండు చోట్లా నాలుగుకి కాలు లేదు.

"ఇది నీకు ఎవరు వేసిచ్చారు?"

"మా బావమరిది," అన్నాడు తవిటయ్య. "నా కన్ను కూడా ఈ నెల్లోనే రిటర్న్ అవ్వాల."

అప్పుడు అందరూ బుజ్జిబాబు వైపు చూశారు. అతను లేచి, నిక్కరు మీద ఆకులు దులుపుకున్నాడు.

"నాను నరికించలేదు బావా," అన్నాడు. "ఓవర్‌హాల్ చేయించినాను. తుఫానుకి కొమ్మలు పడతాయని. వరస సమానంగా ఉండాలని తాడు కూడా నానే కట్టినాను. ఆ తుఫానుకి ఈ వీధిలో ఒక్క కొమ్మ పడలేదు. అడగండి ఎవుర్నయినా."

"కొమ్మ ఉంటే కదండీ," అన్నాడు సొలొమోను.

"తుఫాను ఇటు వచ్చిందా?" అడిగాడు ఆర్థర్.

"రాలేదు. ఒడిశా వైపు పోయినాది."

"మరి రిటర్న్ 04-26 అంటే ఏంటి? ఈ నెల. మళ్ళీ కొట్టిస్తావా?"

బుజ్జిబాబు కొంచెం ఆలోచించాడు. "షెడ్యూల్ ప్రకారం డ్యూ అయినాది సార్," అన్నాడు.

చిట్టెమ్మ మెట్ల మీద పెట్టిన సామానులోంచి గరిటె తీసుకుని బుజ్జిబాబు వైపు రెండడుగులు వేసింది. తవిటయ్య ఆమెకి అడ్డం రాలేదు. బుజ్జిబాబు ఆర్థర్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇంటికెళ్ళి ఆ స్టెన్సిళ్ళు పట్రా," అన్నాడు ఆర్థర్ వెనక్కి తిరక్కుండా. "కట్ట మొత్తం."

బుజ్జిబాబు వెళ్ళాడు.

11 గంటల 20 నిమిషాలకు ఆర్థర్ ఫారం తీశాడు. కారణం అన్న గడిలో ఉన్న విషప్రయోగం కొట్టేసి, దాని కింద తేదీ రాశాడు, పేరు రాశాడు, తప్పు కోత అని రాశాడు. చర్య అన్న గడిలో, చెట్టు ఉంచాలి, ఎండిన మోళ్ళు తీయాలి, ఏడాదికి నాలుగో వంతు మించి కోయరాదు, పని మాజీ మాలీ సొలొమోను చేతుల మీదుగా జరగాలి అని రాశాడు. మోటారు రంపం వెనక్కి పంపేశాడు. కూలీల్లో ఒకతను ఎర్ర ఇంటూ మీద సున్నం పూశాడు.

సొలొమోను గోనెగుడ్డ విప్పి రంపం తీశాడు. తవిటయ్య నిచ్చెన పట్టుకున్నాడు. మొదటి మోడు కింది వైపు నుంచి సొలొమోను ముందు ఒక గాటు పెట్టాడు.

"ఎందుకది?" అన్నాడు ఆర్థర్.

"లేకపోతే పడేటప్పుడు బెరడు చీల్చుకుని పోద్ది సార్."

ఆ తర్వాత, గాటుకి జానెడు బయటి వైపున, పై నుంచి కోశాడు. బరువు దిగిపోయాక మిగిలిన ముక్కని ఉంగరం బయట కోసి తీశాడు. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. కోసిన చోట గుండ్రంగా, తెల్లగా ఉంది. లోపల పుచ్చు లేదు.

"ఇది మూసుకుంటాది," అన్నాడు.

చిట్టెమ్మ కాగితాన్ని గల్లాపెట్టెలో పెట్టి సామాను తిరిగి బండిలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. బోర్డుని చెట్టుకి కాకుండా బండికి కట్టుకోమని సొలొమోను చెప్పాడు. ఆమె కట్టుకుంది.

రెండో మోడు దగ్గరికి నిచ్చెన జరపాలంటే బుజ్జిబాబు రోజూ టీ తాగే దుంగ అడ్డంగా ఉంది. తవిటయ్య, సొలొమోను, ఇద్దరు కూలీలు కలిసి దాన్ని దొర్లించారు. ఏడాదిగా నేలకి ఆనుకుని ఉన్న వైపు పైకి వచ్చింది. మట్టి అంటుకుని ఉంది. తవిటయ్య తువ్వాలుతో తుడిస్తే, ఎండిపోయిన ఆ చెట్టు మీదా తెల్ల అక్షరాలు కనిపించాయి.

తేదీ 22-10-24. రిటర్న్ 04-26. ఎత్తు 14 అడుగులు. తవిటయ్య నాలుగులు లెక్కపెట్టాడు. తేదీలో ఒకటి, రిటర్న్ నెలలో ఒకటి, ఎత్తులో ఒకటి. మూడింటికీ కాలు లేదు.